గుప్పిట్లో సీసా

ఒక రకం కొవ్వులో నీళ్లు కలిపితే దానంతటదే అమరి, గాజులాంటి జెల్ అవుతుంది. అందులో మందు పెడితే ఒంట్లో మెల్లగా విడుదలవుతుంది. నా పీహెచ్‌డీ దానిమీదే. వైవా రోజు ఉదయం పద్మారావు నగర్‌లోని మా ఇంట్లో, ఎగ్జామినర్‌కి చూపించాలని బల్లమీద పెట్టుకున్న జెల్ సీసా కనిపించలేదు.

“పాడైతదని ఫ్రిజ్‌ల పెట్టిన బిడ్డా,” అంది అమ్మ.

తీసి చూస్తే జెల్ నెయ్యిలా తెల్లగా పేరుకుపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“గిట్లెందుకు చేసినవమ్మా,” అంటూ ఆటో ఎక్కాను. దారంతా సీసాను గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. కాలేజీ గేటు దగ్గర భయంభయంగా చెయ్యి తెరిస్తే, జెల్ మళ్లీ గాజులా ఉంది.

ఒంటి వేడికి అది తిరిగి అమరుతుందని థీసిస్‌లో రాసింది నేనే. నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆటో దిగాకే.