మేస్త్రీ తాత మూసిన మోరీ

పోయిన బుధవారం పొద్దున్నే మేస్త్రీ తాత చనిపోయాడని ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. నాకు మొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు తిట్టుకుంటారేమో. ఇంకా వాన పడనే లేదు కదా, అనుకున్నాను.

ఎందుకలా అనుకున్నానో చెప్పాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. పటాన్‌చెరు దగ్గర మా మున్సిపాలిటీలో నేను ఇంజనీరును. రాబోయే కాలానికి ప్రణాళిక వేయాలి, ముందు ఊళ్ళో వాన నీటి కాలువలు ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తున్నాయో పటం గీయండి అన్నారు పై అధికారులు. ఆఫీసులో ఉన్న పాత పటాన్ని చెదలు తినేశాయి. మిగిలిన ముక్కలో ఉన్న కాలువలు నేల మీద లేవు, నేల మీద ఉన్నవి అందులో లేవు. వీటిలో సగం కట్టిన మేస్త్రీ ఇంకా ఉన్నాడని ఎవరో చెబితే వెతుక్కుంటూ వెళ్ళాను.

డెబ్బై దాటిన మనిషి. నా కొలిచే యంత్రాన్ని ఎగాదిగా చూసి, "గది నాకు వశపడది మేడం, నా కట్టె నాకుంది" అన్నాడు. నాలుగో రోజుకు మేడం పోయి బిడ్డా వచ్చింది. చెప్పులు గట్టున జతగా పెట్టి, వెదురు కట్టె కాలువలోకి, ఆయన మాటలో మోరీలోకి, దించి, లోతు జానల్లో చెప్పేవాడు. నేను సెంటీమీటర్లలోకి మార్చుకుని రాసుకునేదాన్ని.

మోరీ ఎటు పోతుందో తెలియకపోతే ఆయనకో పద్ధతి ఉంది. పూల దుకాణం వాళ్ళు పారేసే వాడిన బంతిపూలు సంచిలో తెచ్చేవాడు. ట్యాంకర్ నీళ్ళు వదిలించి, రేకులు తుంచి ఇక్కడ వేసి, నన్ను అవతలి మూతి దగ్గర నిలబడమనేవాడు. "కాయిదంల ఉన్నదా లేదా కాదు బిడ్డా. పోతుందా లేదా సూడు." పసుపు రేకు కనబడగానే నేను "పోతుంది తాతా!" అని అరిచేదాన్ని. అప్పుడే పటం మీద గీత పడేది.

ఎండాకాలంలో ఫ్యాక్టరీల వైపు ఒక కాలువ నిండుగా పారుతుంటే వంగి వాసన చూశాడు. "వాన లేకుండ వచ్చినయంటే గివి మొగులు నీళ్ళు కావు. రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. ఫ్యాక్టరీ నీళ్ళని తెలిసేలా ఆ గీతకు వేరే రంగు వేశాను.

ఒక్క చోట మాత్రం నా పటం తెగిపోయేది. బజారులో దుకాణాల వరుస దగ్గరికి రాగానే, "జెర చాయ్ తాగుదాం" అనేవాడు. ఆయనకు చాయ్ పిచ్చి అనుకున్నాను. చదువుకున్న బుర్ర కదా, అంతకు మించి తట్టలేదు.

నిరుడు వానాకాలంలో ఓ మధ్యాహ్నం కింది బస్తీలోకి నీళ్ళు వచ్చాయి. ఫ్యాక్టరీ పనికి ఒడిశా నుంచి వచ్చిన ఒకామె గ్యాస్ పొయ్యినీ పిల్ల బడి సంచినీ మంచం మీద పెట్టి, పక్కన పిల్లను ఎత్తుకుని నిలబడింది. "హర్ సాల్ గిట్లనే మేడం" అంది, ఏటేటా ఇంతేనన్నట్టు. తాత ఆ గదిలోకి కట్టె దించి, "రెండు జానలు" అన్నాడు, తనలో తానే. ఆ రోజు చాయ్ వద్దన్నాడు.

మర్నాడు ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆ దుకాన్ల కింద మోరీ ఉంది బిడ్డా. కట్టింది నేనే, మూతి మూసింది గూడ నేనే. ఎండకాలం, నీళ్ళేడున్నయి, గచ్చు సాఫ్ రావాలె, మూసెయ్ అన్నడు దుకాన్లు కట్టించిన సేటు. మూసేసిన. అప్పుడు కింద బస్తీ లేకుండె."

నాకు నిజంగా కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని గట్టిగానే అడిగాను.

"మొదటి దుకాన్ ఇప్పుడు నా కొడుకుది. మూతి గదాని కిందనే ఉంది. ముందు గదే తవ్వుండ్రి."

ఈ ఎండాకాలంలో తవ్వారు. కొడుకు సిమెంటు బస్తాలు బయట పెట్టుకుని, పగిలిన గచ్చు చూస్తూ నిలబడ్డాడు. ఆనాటి నుంచి ఒకే ఇంట్లో ఉంటూ తండ్రితో మాట్లాడలేదు. మోరీ తెరిచాం, పూడిక తీశాం, పైన ఇనుప జాలీ బిగించాం. ట్యాంకర్ తెప్పిస్తానంటే తాత వద్దన్నాడు. "గిది అసలు వానకే తెలవాలె." ఇక రోజూ సాయంత్రం మబ్బు పట్టిందా అని ఫోన్. "మీ దిక్కు మొగులైందా బిడ్డా?"

బుధవారం మధ్యాహ్నం ఆయన పాడె ముందు డప్పులు మోగుతుండగా, చల్లిన బంతిపూలు బజారంతా పరుచుకున్నాయి. నిప్పు కుండ పట్టుకుని కొడుకు ముందు నడిచాడు. పాడె ఆ దుకాణం దాటిందో లేదో, వాన దంచి కొట్టింది. రోడ్డు మీది పూలు కొట్టుకుపోయి జాలీలోకి జారడం చూశాను. తప్పో ఒప్పో తెలియదు, అంతిమయాత్ర వదిలేసి కింది బస్తీ పక్కన ఆ మోరీ బయటపడే కల్వర్టు దగ్గరికి పరుగెత్తాను.

మొదట బురద వచ్చింది. తర్వాత ప్లాస్టిక్ కవర్లు. తర్వాత ఒక పసుపు రేకు. నాకు ఏడుపు ఆగలేదు.

వాన పడుతూ ఆగుతూ ఉంది. చాలాసేపటికి కొడుకు శ్మశానం నుంచి తిరిగి వస్తూ, తడి బట్టలతోనే నా పక్కన వచ్చి నిలబడ్డాడు. బస్తీ వైపు చూశాడు. ఒడిశా ఆమె గడప మీద కూర్చుని ఉంది. గడప లోపల నేల పొడిగా ఉంది.

"పోతుందా మేడం?" అని అడిగాడు.

"పోతుంది" అన్నాను.

అతను గట్టున గొంతుక్కూర్చున్నాడు. కల్వర్టు కింది నుంచి ఇంకా ఒకటీ అరా రేకులు వస్తూనే ఉన్నాయి, చెరువు వైపు పోతూనే ఉన్నాయి.