ఎడమకు తిరగని జీపు

పెళ్ళిమాట తేలాల్సిన గురువారం నాటికి నా జీపు కుడికి మాత్రమే సరిగ్గా తిరిగేది. ఎడమకు కొద్దిగా తిప్పితే ఊరుకునేది గాని, గట్టిగా తిప్పితే ముందు టైర్లు లోపలెక్కడో రాసుకుని, పొలాల్లో వంగి పనిచేసేవాళ్ళు కూడా నడుం ఎత్తి చూసేంత అరుపు అరిచేది. ఆ బండి వేసుకునే నేను పిల్లవాళ్ళింటికి పోయాను. ఇప్పుడు తలచుకున్నా నవ్వాగదు.

మిలిటరీవాళ్ళు వేలం వేస్తే మా బాపు కొన్న పాత జీపు అది. స్టీరింగు ఎడమపక్కన ఉండేది. నందికొండలో డ్యాము కడుతున్న రోజులు కావడంతో, అక్కడి పనివాళ్ళ వంటశాలలకు కూరగాయలు, పప్పులు చేరవేసేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళ వయసు. కోపం ముక్కు మీదే ఉండేది. నా జీపును ఎవరైనా ఒక్క మాటంటే వాళ్ళతో వారం రోజులు మాట్లాడేవాణ్ణి కాదు.

పిల్లది డిండి వాగుకు ఆవల, అచ్చంపేట వైపు ఊరు. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వ పెంచింది. చూపులనాడు పిల్ల నన్ను ఒకే ఒక్కసారి చూసి, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. నా పని అక్కడే అయిపోయింది. తర్వాత ఎవరేం మాట్లాడారో నా చెవికెక్కలేదు, అవ్వ గొంతు సవరించుకునేదాకా.

"పిల్ల నీకు నచ్చింది. నువ్వు పిల్లకు నచ్చినవు. మీ మొఖాలు చూస్తనే తెలుస్తాంది. గని పిల్లను నేనియ్య" అంది అవ్వ.

బాపు కంగారుగా ఎందుకని అడిగాడు.

"నడుమ గా వాగున్నది గద. వానలు పడితె దాటనియ్యది. ఎండకాలం ఇసుకల ఎడ్లు కూలబడతయి. రేపు నాకు పిల్లను చూడబుద్ధయితె ఎట్ల రావాలె? ఎగిరి రావాల్నా?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నా జీపు లేదా అవ్వా! నువ్వు ఎప్పుడంటె అప్పుడొచ్చి తోలుకపోత" అన్నాను.

"అయితె వచ్చే గురువారం రా. నన్ను మీ ఇంటికి తోలుకపోయి, దీపాలు పెట్టే యాళ్లకు మల్ల గీడ దించు. అప్పుడు మాట్లాడుకుందం."

ఆ పొద్దున చూపులకు వస్తుంటే ఆ వాగులోనే నా జీపు కూరుకుపోతే రెండు జతల ఎడ్లు కట్టి లాగారని ఆవిడకు తెలియదు. బాపుకు తెలుసు. ఆయన నావైపు చూసిన చూపు నేనింకా మరచిపోలేదు.

నల్గొండ బస్టాండు వెనక షెడ్డులో నాకొక దోస్తు ఉండేవాడు. మెకానిక్కు. అతను నన్ను భాయ్ అనేవాడు, నేనూ అతన్ని భాయ్ అనేవాణ్ణి. సంగతి విని, "చిన్న టైర్లు ఇసుకల దిగబడతయి భాయ్. పెద్దవి, వెడల్పువి ఎయ్యాలె" అని, ఏదో పాత మిలిటరీ బండికి ఉన్న టైర్లు వెతికి పట్టుకొచ్చాడు. అవి ఎక్కించాక జీపు ఎంత ఎత్తు లేచిందంటే, ఎక్కడానికి పంచె పైకి దోపుకోవాల్సి వచ్చింది. ఇద్దరం చుట్టూ తిరిగి చూసుకుని పొంగిపోయాం. చాయ్ తాగి, బండి బయటికి తీసి, ఎడమకు తిప్పాను. అంతే, బండి కెవ్వుమంది. గడియారం చౌరస్తాలో జనం చెల్లాచెదురయ్యారు.

"మడ్‌గార్డుకు రాసుకుంటాంది. జర సుత్తెతోని కొడదాం" అన్నాడు భాయ్.

కొట్టాం. పొద్దంతా కొట్టాం. మడ్‌గార్డు అంచు పైకి మడిచాం, ఇంకా మడిచాం. చివరికి అది వేడి పెనం మీద అప్పడంలా వంకర్లు తిరిగింది గాని, అరుపు మాత్రం తగ్గలేదు. నేను బండిని, భాయ్‌ని, టైర్లమ్మినవాణ్ణి, అవ్వను వరుసపెట్టి తిట్టాను. భాయ్ తాపీగా చేతులు తుడుచుకుని, "ఫికర్ చెయ్యకు. ఎడమకు తిప్పకుంట పోదాం. నేనొస్త నీతోని" అన్నాడు.

అలా బయలుదేరాం. వాగులో ఇసుక మీద పెద్ద టైర్లు హాయిగా తేలిపోయాయి. అడ్డంగా ఉన్న మడుగును తప్పించడానికి కుడిపక్కకు ఒరిగితే సరిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. గొంతెత్తి పాడాను కూడా. భాయ్ చెవులు మూసుకున్నాడు.

పిల్లవాళ్ళ ఇల్లు ఊరి చివర ఒంటిగా ఉండేది. చుట్టూ బండ్ల బాట. మేం వెనకనుంచి వచ్చి, ఇల్లు కుడిచేతికి ఉండేలా తిరిగి ముందుకొచ్చేసరికి, వాకిలినిండా కందులు ఆరబోసి ఉన్నాయి. బండి అరుగు దగ్గర ఆపే చోటే లేదు. ఎడమకు తిప్పి పక్కనున్న మైదానంలో పెడదామంటే కెవ్వుమంటుంది. దూరంగా ఆపి నడిచి పోవచ్చు గదా అంటారేమో. ఆ పిల్ల చూస్తుండగా నేను జీపు దిగి నడిచి పోవడమా! కందుల అంచునుంచి పోనిచ్చి, ఇల్లు చుట్టి మళ్ళీ వచ్చాను. పిల్ల చీపురు పట్టుకుని గబగబా కందులు కుప్ప చేస్తోంది. సగమే అయ్యాయి. ఇంకో చుట్టు తిరిగాను. ఇంకా గంపెడు మిగిలాయి. మూడోసారి వచ్చేసరికి వాకిలి ఖాళీ. పిల్ల గోడకానుకుని రొప్పుతూ నవ్వుతోంది. అరుగు మీద అవ్వ లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి ఉంది.

"ఇంటి సుట్టు మూడు సుట్లు తిరిగి వచ్చినవా బిడ్డా! గుడి సుట్టు తిరిగినట్టు తిరిగినవు. ఇంత భక్తి గలోడు ఈ కాలంల ఏడున్నడు!"

వెనక సీట్లో భాయ్ రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. అంతకంటే చేయగలిగింది ఏముంది?

అవ్వ సంబరం అంతటితో ఆగలేదు. తడిపిన పసుపు గిన్నెనిండా తెచ్చి, ముందు టైర్లకు లోపలా బయటా గోడకు అలికినట్టు అలికింది. బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. తర్వాత భాయ్ చేయి పట్టుకుని నా పక్కన ఎక్కి కూర్చుంది. అవ్వ నిండుమనిషి. బండి ఆ పక్కకు కాస్త దిగింది.

మళ్ళీ కుడికే ఇల్లు చుట్టి వాగు దారి పట్టాను. తిరుగుదారిలో మడుగు ఎదురైంది. పోయేటప్పుడు కుడికి ఒరిగి దాటినదాన్ని వచ్చేటప్పుడు ఎడమకు తిప్పే దాటాలని నాకు అప్పుడు వెలిగింది. కళ్ళు మూసుకుని తిప్పాను. బండి కెవ్వుమంది.

"ఏందిరా గా ఒర్రుడు?" అని అవ్వ కడ్డీ పట్టుకుంది.

"ఏం లేదవ్వా, కొత్త టైర్లు. గట్లనే ఒర్రుతయి" అన్నాడు భాయ్. అనడమే ఆలస్యం, రబ్బరు కాలిన వాసన గుప్పుమంది. బండి ఆపేశాను. ఎదురుగా మడుగు, కుడిన బండరాళ్ళు, పక్కన అవ్వ. పిల్ల చేజారిపోయిందనే అనుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

భాయ్ బండి కింద దూరాడు. కాసేపటికి కిందనుంచి నవ్వు వినిపించింది. ఆగని నవ్వు. "భాయ్, గిటు రా! పసుపు చూడు!"

వంగి చూశాను. మేం సుత్తె అరిగేలా కొట్టిన మడ్‌గార్డుకు చిటికెడు పసుపు లేదు. అంటే టైరు దాన్ని తాకనే లేదు. లోపల, బండిని మోసే కమాను పట్టీలు మాత్రం పచ్చగా, పెళ్ళికూతురి పాదాల్లా మెరిసిపోతున్నాయి. చక్రం మరీ లోపలికి తిరగకుండా ఆపే బోల్టు ఒక్కో వైపుకు ఒకటి ఉంటుంది. ఎడమ తిరుగుడును ఆపాల్సింది అరిగిపోయి, టైరును పట్టీల మీదికి పోనిస్తోంది. భాయ్ ఆ బోల్టు ఊడదీసి, తల కింద వాషర్లు వేసి, పొడవు పెంచి బిగించాడు. అంతసేపూ అవ్వ ఇసుకలో కూర్చుని ఆకు వక్క నములుతూ మా మాటలు వింటోంది.

"అయితె గీ బండి ఇప్పటిదాక ఎడమకు తిరగలే?" అంది నెమ్మదిగా.

"లేదవ్వా" అన్నాను.

"ఇంటి సుట్టు తిరిగింది గందుకేనా?"

అవ్వ నన్ను చూసింది, భాయ్‌ని చూసింది, పసుపు జీపును చూసింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. తర్వాత కొంగు వదిలేసి, ఇసుకలో వెనక్కి వాలి, వాగు దద్దరిల్లేలా నవ్వింది. మాకూ ఆగలేదు. ముగ్గురం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఎందుకు నవ్వుతున్నామో తెలియకుండా ఇంకాసేపు నవ్వాం.

మా ఇంటికి వచ్చి మజ్జిగ తాగి, వంటిల్లు, బావి చూసి, అమ్మతో ఏవో గుసగుసలాడి, దీపాల వేళకు తిరిగి చేరింది అవ్వ. మడుగు దగ్గర బండి కిక్కురుమనలేదు. గడపలో పిల్ల దీపం పట్టుకుని నిలబడింది. అవ్వ దిగుతూనే, "ఏమే, గీ పిలగానికి ఎడమకు తిరుగుడు గూడ వచ్చింది. ఇక ఇయ్యమంటవా?" అంది. పిల్ల దీపంతో సహా లోపలికి పరుగెత్తింది.

పెళ్ళి అక్కడే జరిగింది. అప్పగింతలై, పిల్లను నా పక్కన కూర్చోబెట్టాక, అప్పటిదాకా గలగలమన్న అవ్వ అరుగు మీద ఒక మూల ఒక్కతే కూర్చుండిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది. వాగు దారికి ఎడమనుంచే దగ్గర. బండి ఇప్పుడు చక్కగా ఎడమకు తిరుగుతుంది. నేను కుడికి తిప్పాను.

మొదటి చుట్టుకు అవ్వ తలెత్తింది. రెండో చుట్టుకు లేచి నిలబడింది. మూడోసారి మేం అరుగు ముందుకు వచ్చేసరికి, తడిసిన చెంపలతో నవ్వుతూ, "బండి మంచిగైంది గదరా! మల్లెందుకు తిరుగుతున్నవు?" అని అరిచింది.

అరిచింది గాని, ఆపమని చెయ్యెత్తలేదు. నేను ఇంకో చుట్టు తిరిగాను.