మేచీ వంతెన దగ్గర ఇంద్రకళ అడిగిన ప్రశ్నలు

నేపాల్ నుంచి ఇండియాకు దాటే మేచీ వంతెనకు ఇవతల, నేపాల్ వైపు, మా టీ కొట్టు ఎదురుగా పోలీసుల సహాయ కేంద్రం ఉంది. పదకొండేళ్లుగా అక్కడ కూర్చునేది హవల్దారు ఇంద్రకళ లింబూ. చిన్నప్పుడు ఇంట్లో అందరూ ఆమెను ప్రశ్నల పుట్ట అని విసుక్కునేవారట.

వంతెన దాటే ఆడపిల్లలను ఎక్కడికి, ఎందుకు అని ఆమె అడిగేది కాదు. పిల్లలను దాటించి అమ్మేసేవాళ్లు వాటికి జవాబులు ముందే నేర్పి తీసుకొస్తారు.

దశైం పండక్కి ముందు ఓ ఉదయం ఒకతను పద్దెనిమిదేళ్ల పిల్లతో వచ్చాడు. పిల్ల పేరు యాంగ్జీ. "మా ఆవిడ. సిలిగుడిలో కళ్ల డాక్టరుకి చూపించాలి" అన్నాడు. ఇంద్రకళ పిల్లను లోపల కూర్చోబెట్టి, అతన్ని మా కొట్టు బల్ల మీదికి పంపి, వెనకే వచ్చింది.

"మీ అత్తగారింట్లో నీళ్లెక్కణ్ణించి తెస్తారు తమ్ముడూ?"

"కుళాయి ఉందిగా."

లోపలికెళ్లి, మీ పుట్టింట్లో నీళ్లెక్కణ్ణించి తెస్తారని పిల్లనూ అడిగింది.

"ఊట దగ్గరికి గంట దిగాలి. అయినా నీకెందుకక్కా? నేను ఇష్టపడే వచ్చాను!" అని యాంగ్జీ కస్సుమంది. ఆ అరుపు నా పొయ్యి దాకా వినబడింది.

"కాదన్నానా? అతను మీ ఇంటికొచ్చినప్పుడు ఏం వండిపెట్టావు?"

"మా ఇంటికి రాలేదు. ఫోన్లోనే పరిచయం. ఢిల్లీలో ఉద్యోగం చూశాడు."

సిలిగుడి ఆసుపత్రి కాస్తా ఢిల్లీ ఉద్యోగమయ్యేసరికి పోలీసులు అతన్ని పట్టుకున్నారు. విచారణలో, మరో ముగ్గురు అమ్మాయిలను ఇలాగే దాటించాడని తేలింది.

యాంగ్జీని సర్కారు ఆశ్రయ గృహానికి పంపారు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. సెలవు దొరికినప్పుడల్లా ఇంద్రకళ బియ్యప్పిండితో వేయించిన సేల్ రోటీలు పట్టుకుని వెళ్లేది. కేసు మాటే ఎత్తేది కాదు. పిల్ల కుట్టుమిషను ముందు కూర్చుంటే, దారం ఎందుకు తెగుతోంది, ఈ చక్రం ఎటు తిరగాలి అని అడుగుతూ ఉండేది. జవాబులు చెప్పీ చెప్పీ యాంగ్జీ మాటల్లో పడింది. కోర్టులో అతని మొహం కనబడకుండా తెర కట్టారు. ఆ తెర వెనక నుంచే అంతా చెప్పింది. అతనికి జైలు పడింది.

ఇప్పుడు యాంగ్జీ దమక్ ఊళ్లో బడిపిల్లల బట్టలు కుడుతోంది. మొన్న మా కొట్టుకొచ్చి ఇంద్రకళ పక్కన కూర్చుంది.

"ఆ రోజు నిన్నెంత తిట్టుకున్నానో తెలుసా అక్కా?"

"తెలీదే! ఏమని తిట్టావు?"

యాంగ్జీ ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఎంత బతిమాలినా నాకు మాత్రం చెప్పలేదు.