చింతగింజంత సందు

నా చిన్నప్పుడు మెదక్‌లో మా ఇంట్లో అందరికంటే మొండిది ఒక ఇనుప స్ప్రింగు. దాని తర్వాతి స్థానం నాదే. అది మా చిన్నాయనది, అంటే మా నాన్న తమ్ముడిది. రెండు పిడుల మధ్య బిగించిన దిట్టమైన స్ప్రింగు. దాన్ని పిడికిట్లో పట్టుకొని పిడులు రెండూ తాకేదాకా నొక్కాలి. చేతి పట్టు పెరగడానికి, కుస్తీ నేర్పే తాలీంలో పహిల్వాన్లు చేసే కసరత్తు అది. చిన్నాయన కబుర్లు చెబుతూనే టకటకా నొక్కేసేవాడు. నేను రెండు చేతులా వేలాడినా అది కదిలేది కాదు.

రజాకార్ల రోజులవి. పడుచువాళ్లను పట్టుకుపోతున్నారని తెలిసి చిన్నాయన నర్సాపూర్ అడవివైపు వెళ్లిపోయాడు. స్ప్రింగు గూట్లోనే ఉండిపోయింది. తొమ్మిదేళ్లదాన్ని, అన్నం ముట్టకుండా "చిన్నాయన ఎప్పుడొస్తడు?" అని మా నాయనమ్మ ప్రాణం తోడేశాను. ఆమెకు మాత్రం ఏం తెలుసు? మూడో రోజు ఆ స్ప్రింగు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గీ పిడులు రెండు కలిసిన్నాడు మీ చిన్నాయిన వస్తడు. బువ్వ తినకుంటె బలమెట్లొస్తదే పిల్లా?"

ఇక చూడండి నా సంబరం! చిన్నాయన రావడం నా చేతిలోనే ఉందని తెలిశాక ఊరుకుంటానా? తడి చీరలు పిండే పని లాక్కున్నాను. బావి దగ్గర చేద ఇంకెవ్వరినీ ముట్టనివ్వలేదు. పాలు పితకడానికి కూర్చుంటే నా పట్టుకు బర్రె బెదిరి పక్కకు జరిగేది. వేళ్ల మొదట్లో నాలుగు కాయలు కాస్తే వాడకట్టంతా తిరిగి చూపించుకున్నాను. పిడుల మధ్య సందు రెండు వేళ్ల నుంచి ఒక వేలికి దిగింది, ఆ తర్వాత చింతగింజ పట్టేంతయింది.

ఒక పొద్దున టక్కుమని తాకాయి! కేక పెట్టి వీధిలోకి ఉరికాను. పొద్దు గూకేదాకా అరుగు దిగలేదు. ఎవరూ రాలేదు. స్ప్రింగును వాకిట్లోకి విసిరి, నాయనమ్మను అబద్ధాలకోరని తిట్టి ఏడ్చాను. ఆమె నొచ్చుకోలేదు. దాన్ని కొంగుతో తుడిచి నా ఎడమ చేతిలో పెట్టింది.

"కుడి చెయ్యి సగం తొవ్వ పట్టుకొచ్చింది. కడమ సగం ఎడమ చెయ్యి తేవాలె గద!"

కోపంలోనే నవ్వొచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి రెట్టింపు పట్టుదలతో.

పోలీసు యాక్షన్ అయిపోయిన కొన్నాళ్లకు, మిట్టమధ్యాహ్నం, గడ్డం పెరిగిన మనిషి ఒకడు గడపలో నిలబడ్డాడు. చిన్నాయన! ఎగిరి మెడకు చుట్టుకోవలసినదాన్ని, స్ప్రింగు పట్టుకొని లబలబలాడాను, ఎడమ చేతికి ఇంకా చింతగింజంత సందు మిగిలే ఉందని. సంగతి విని ఆయన గుమ్మానికి ఆనుకొని పగలబడి నవ్వాడు.

"గట్లయితె మళ్ల పొమ్మంటవా బిడ్డా?"

ఇల్లంతా నవ్వింది. మా ఇంట్లో నవ్వు వినపడి ఎన్ని నెలలయిందో!

నాయనమ్మ మాత్రం కొడుకు ముఖం తడుముతోంది. గరుకు తగిలిందేమో, చిన్నాయన ఆమె చేతులు తిప్పి చూశాడు. వేళ్ల మొదట్లో నాలుగేసి కాయలు, అచ్చం నావిలాగే. అయితే నా ఎడమ చేతివి ఇంకా లేతవి, ఆమెవి రెండు చేతులకూ ముదిరి ఉన్నాయి.

"గిదేందమ్మా?"

"చేద తాడు" అని ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

చేదతో నీళ్లు తోడేది నేనని ఇంట్లో అందరికీ తెలుసు. నేను నా అరచేతిని ఆమె కొంగులోకి దూర్చి ఆ కాయలు పట్టుకున్నాను.

ఆ స్ప్రింగు ఇప్పుడు నా దగ్గరుంది. ఇంట్లో ఎవరైనా కబురు కోసం ఎదురుచూస్తూ కుమిలిపోతుంటే, ధైర్యంగా ఉండమని చెప్పను. చేతికి ఏదో ఒక పని అంటగడతాను. వాళ్లు అటు తిరగ్గానే గూట్లోంచి స్ప్రింగు తీసి నొక్కుతూ కూర్చుంటాను.