కోసేసిన గ్రాఫు

వరద నీరు ఎటు పారుతుందో ముందే లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను వందలాది కంప్యూటర్ల మీద ఒకేసారి నడిపించి, ఎంత వేగంగా నడుస్తోందో కొలవడం ఆమె పని. ఆఫీసులో అందరూ ఆమెను గడియారం అని పిలిచేవారు.

ఆ రోజు మీటింగులో తెర మీద తన గ్రాఫు చూడగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ వేగం పెరిగినంతవరకే గీత ఉంది. కొలతల్లో, కంప్యూటర్లను ఇంకా పెంచినప్పుడు అవి లెక్క మానేసి ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చున్నాయి, వేగం పడిపోయింది. ఆ భాగాన్ని మేనేజరు శుభ్రంగా కోసేశాడు.

మీటింగుకు వచ్చిన, వరద హెచ్చరికలు చూసే అధికారి మురిసిపోయాడు. "అయితే ఇంకో ఇన్ని కంప్యూటర్లు కొంటే లెక్క ఇంకా తొందరగా తేలుతుందన్నమాట!"

"తేలదండీ, ఇంకా ఆలస్యమవుతుంది. గ్రాఫులో సగం లేదు," అంటూ ఆమె లేచింది.

మేనేజరు పళ్లు బిగించి నవ్వాడు. "అవన్నీ చిన్న విషయాలమ్మా, తర్వాత మాట్లాడుకుందాం."

"ఎప్పుడు సార్, ఊళ్లోకి నీళ్లొచ్చాకా? మీరు కోసింది నా కొలతల్ని, మీ జుట్టును కాదు!"

అధికారి మొత్తం గ్రాఫు తెప్పించుకుని చూశాడు. కొనుగోలు ఆపేశాడు. సాయంత్రానికల్లా ఆమెను ఆ పని నుంచి తప్పించారు.

ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టింది. సంగతంతా విన్న అత్తగారు, "కాస్త నిదానంగా చెప్పాల్సింది కదమ్మా," అన్నారు.

"వేగం పడిపోతోందని మీటింగుకు ముందే నిదానంగా రెండుసార్లు చెప్పాను అత్తయ్యా. అప్పుడే కోసేశారు!"