పదిహేడు కుంకుడుకాయలు, ఒక గాలి తుపాకీ

1965 మే 16, ఆదివారం ఉదయం, నాకు పన్నెండేళ్ల నాలుగు నెలల వయసులో, మా నాన్నగారి గాలి తుపాకీతో ఇరవై కుంకుడుకాయల్లో పదిహేడు కొట్టాను. దూరం ఇరవై ఒక్క అడుగులు. అడుగులంటే నాన్న వేసిన అడుగులు, కొలబద్ద మీదివి కావు. సాక్షి నాన్న ఒక్కరే. ఆయన 1981లో పోయారు.

మా పెళ్లి 1976లో జరిగింది. ఆ సంవత్సరమే ఈ సంగతి మా ఆయనకు చెప్పాను. ఆయన నమ్మలేదు. నలభై ఎనిమిదేళ్లుగా నమ్మలేదు. నమ్మకపోతే పోనీ, నలుగురిలో నేను ఈ కథ మొదలుపెట్టగానే చేతికి దొరికింది తుపాకీలా భుజానికి ఆనించి, ఒక కన్ను మూయబోయి రెండూ మూసి, "పదిహేడు" అనేవారు. మొదట్లో గొడుగు, తరువాత చపాతీల కర్ర, మోకాలు నొప్పి మొదలయ్యాక చేతికర్ర. జనం నవ్వేవారు. కథ అక్కడితో ఆగిపోయేది.

రుజువు చూపిద్దామంటే తుపాకీ పనిచేయదు. 1968 వేసవికే దాని ఊపిరి పోయింది. నొక్కితే ముసలాయన తుమ్మినట్టు శబ్దం వచ్చి, గుండు నాళం చివర నుంచి జారి కాలి దగ్గర పడేది. నాన్న దాన్ని నాకే ఇచ్చారు. పాత పంచెలో చుట్టి, బదిలీ అయిన ప్రతి ఊరికీ మోశాం. మా ఆయనకు రైల్వేలో డీజిల్ ఇంజన్ల షెడ్డు ఉద్యోగం, ఆరు ఊళ్లు తిరిగి చివరికి సూరత్‌లో స్థిరపడ్డాం. అక్కడి ఉధ్నా పేటలో మూడో అంతస్తు ఇంట్లో, బీరువా మీద, ట్రంకుపెట్టె వెనక అది పడుకుని ఉండేది.

మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక మగ్గాల మిస్త్రీ ఉంటాడు. తెలంగాణ మనిషి, సూరత్ వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు. కొత్త రకం మగ్గాలు నీటి ధారతో నేస్తాయి, వాటిలో అడ్డదారాన్ని మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడె ఉండదు. నాడె ఉన్న పాత మగ్గాలు ఎక్కడ మూలిగినా ఇప్పటికీ ఇతన్నే పిలుస్తారు. ఇంగ్లీషు దరఖాస్తులు నింపించుకోవడానికి ఆదివారాలు మా ఇంటికి వస్తాడు. నిరుడు జనవరి 19న అతను వచ్చినప్పుడు ట్రంకుపెట్టె దించుతుంటే పంచె మూట కిందపడింది. అదేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన చేతికర్ర భుజానికి ఆనించారు.

మిస్త్రీ నవ్వలేదు. మూట విప్పి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. ఆ తుపాకీ చూడదగ్గదే. నాళం మొదట్లో ఎనిమిది పలకలుగా ఉండి, ముందుకు వచ్చేసరికి గుండ్రంగా మారుతుంది. ఆ మారే చోటు ఎక్కడో వేలితో తడిమినా దొరకదు. చేతి ఆకురాయి పని అన్నాడు. మడత దగ్గర నాళాన్ని కిందికి వంచితే లోపలి స్ప్రింగు నొక్కుకుంటుంది. మీట నొక్కగానే స్ప్రింగు ముషలకాన్ని, అదే పిస్టన్‌ను, తోస్తుంది, అది గాలిని నొక్కుతుంది, ఆ గాలి గుండును తన్నుతుంది. మందు లేదు, నిప్పు లేదు. ముషలకం చివర చిన్న తోలు గిన్నె ఉంటుంది. గాలి పక్కల నుంచి తప్పించుకోకుండా ఆపేది అదే.

అతను మరలన్నీ విప్పి దినపత్రిక మీద పరిచాడు. నేను వరసగా కాగితం మీద రాసుకున్నాను, ఇరవై మూడు ముక్కలు. ప్రతి దాని మీదా, మీట లోపలి వైపు కూడా, 43 అనే అంకె చెక్కి ఉంది. ఒక తుపాకీ ముక్క ఇంకో తుపాకీకి సరిపోదట. ఒక్కో ముక్కనూ దాని పక్క ముక్కకు తగ్గట్టు చేత్తో అరగదీసేవారు కాబట్టి, కలిసిపోకుండా అంకె వేసేవారట. చేసినవాడి పేరు ఎక్కడా లేదు గాని, నాకు అతని మీద గౌరవం కలిగింది. అంకె వేయకుండా ఏదీ వదిలిపెట్టని మనిషి.

"సారు, గిది చచ్చిపోలే," అన్నాడు మిస్త్రీ. "గొంతెండింది, గంతే. తోలు మారిస్తె కొడ్తది."

మా ఆయన చేతికర్ర కింద పెట్టారు. నేను కాగితం తీశాను. షరతులు ఆ పూటే రాసుకున్నాం. ఇరవై కుంకుడుకాయలు, ఇరవై గుండ్లు. మూడు గుండ్లు పరీక్షకు, అవి లెక్కలోకి రావు. నాళం వంచడానికి బలం కావాలి కాబట్టి ఆ పని మిస్త్రీది. చిన్నప్పుడు నాన్న వంచేవారు. కాయ పగలాలి, లేదా కాయ మీద దెబ్బ గుర్తు ఉండాలి. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిన డెబ్భై రెండేళ్ల మనిషిని కాబట్టి పది కొడితే చాలని మా ఆయనే తగ్గించారు. పది కొడితే ఆయన ఇక ఎన్నడూ కర్ర ఎత్తకూడదు. కొట్టలేకపోతే నేను ఎన్నడూ, ఎక్కడా, ఎవరికీ ఈ కథ చెప్పకూడదు. ఇద్దరం సంతకం చేశాం. మిస్త్రీ సాక్షి, న్యాయమూర్తి కూడా.

సంతకం చేశాక గాని భయం వేయలేదు. అరవై ఏళ్లుగా చెబుతున్న మాట. అది పోతే నా దగ్గర ఇలాంటిది ఇంకొకటి లేదు.

తోలు కోసం మిస్త్రీ పాత మగ్గంలో నాడెను తన్నే పట్టీ ముక్క తెచ్చాడు. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న తోలు, ఇక సాగదు. దాన్ని నీళ్లలో నానబెట్టి, చెక్కలో ఇరవై రెండు మిల్లీమీటర్ల రంధ్రం చేసి, అందులోకి ఇనుప కడ్డీతో నొక్కి బిగించాడు. నాలుగు రోజులు ఆరాక తీస్తే బొమ్మల పెళ్లిలో వడ్డించే గిన్నెంత గిన్నె తయారైంది. అంచులు బ్లేడుతో సరిచేశాడు. నేను కొలిచాను. అర మిల్లీమీటరు ఎక్కువ ఉంది. మళ్లీ చెక్కించాను. మరుసటి వారం దరఖాస్తు మీద సంతకం చేసేటప్పుడు అతను స్కేలు అడిగాడు.

ఈలోపు మా ఆయన ఫోనులో గాలి తుపాకీల చరిత్ర చదవడం మొదలుపెట్టారు. వెనకటికి తుపాకీకి భుజానికి ఆనే మడమలో కొలిమి తిత్తిలాంటిది పెట్టి కాల్చేవారట. గుండ్లకు బదులు వెనక వెంట్రుకల కుచ్చు ఉన్న చిన్న బాణాలు వేసేవారట. దొరలు చేతికర్రలోనే గాలి తుపాకీ దాచుకుని షికారు వెళ్లేవారట. అది చదివిన రోజున ఆయన తన కర్రను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకున్నారు. ఆస్ట్రియా సైన్యంలో ఒక రకం ఉండేదట, దాని గాలి సీసా నిండాలంటే పంపు సుమారు పదిహేను వందల సార్లు కొట్టాలి. రెండు సెకన్లకు ఒకటి చొప్పున యాభై నిమిషాలు, మధ్యలో మంచినీళ్లకు ఆగకపోతే. అంతసేపూ శత్రువు ఏం చేసేవాడని అడిగాను. అది ఫోనులో లేదన్నారు.

దూరం దగ్గర పేచీ వచ్చింది. నాన్న అడుగు ఎంత? మా ఆయన రెండడుగుల లోపే అన్నారు. నాన్న పట్టాల తనిఖీ ఉద్యోగి. ఇరవై ఆరేళ్లు స్లీపరు మీద నుంచి స్లీపరు మీదికి అడుగు వేస్తూ నడిచిన మనిషి. ఇంటి వరండాలో కూడా అదే కొలతతో నడిచేవారు. పెళ్లి ఊరేగింపులో ఆయన పక్కన ఎవరూ కలిసి నడవలేకపోయేవారు. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య అరవై ఐదు సెంటీమీటర్లు అనుకుంటే, ఇరవై ఒక్క అడుగులకు పదమూడు మీటర్ల అరవై ఐదు. ఇది రైల్వే లెక్క కాబట్టి మా ఆయన కాదనలేకపోయారు. కాల్చేది మేడ మీద, డాబా పైన; దాని పొడవు పన్నెండు మీటర్ల తొంభై. తక్కువైన డెబ్భై ఐదు సెంటీమీటర్ల కోసం నేను మెట్ల గది లోపలికి జరిగి, తలుపులోంచి కాల్చాలని తేల్చాం.

కుంకుడుకాయలను ఇక్కడ అరీఠా అంటారు. కొట్టువాడిని ఇరవై ఇమ్మంటే పావుకిలో తీసుకోమన్నాడు. పావుకిలో తీసుకుని, ఒకే సైజువి ఇరవై ఏరి, తీగకు దారంతో వేలాడదీశాను. వెనక గోడకు ఆనించి చీరల మిల్లు గుడ్డపీలికల మూటలు ఎనిమిది పేర్చాం, గుండు ఎటూ పోకుండా. మేడ మీదికి ఎవరూ రాకుండా కింద తలుపు దగ్గర మా ఆయన కుర్చీ అడ్డం పెట్టారు.

ఫిబ్రవరి 9, ఆదివారం, ఉదయం ఏడూ పదికి మొదలుపెట్టాం. తోలు మెత్తబడాలంటే నాలుగు చుక్కల నూనె వేయాలని మిస్త్రీ ముందురోజు చెప్పి వెళ్లాడు. ఆవకాయకు దాచిన నువ్వులనూనెలోంచి నాలుగు చుక్కలు నేనే లెక్కపెట్టి వేశాను. నాకు తెలియనిదేమిటంటే, నేను స్నానానికి వెళ్లినప్పుడు మా ఆయన ఒక చెంచాడు పోశారు. ఎండిన తోలు కదా, పాపం, అనుకున్నారట.

మొదటి పరీక్ష గుండుకే తుపాకీ ఢామ్మని పేలింది. నాళంలోంచి తెల్లటి పొగ వచ్చింది. ఉధ్నా పావురాలన్నీ ఒకేసారి లేచాయి. నేను ఒక మెట్టు కిందికి దిగిపోయాను. మేడంతా పోపు వేసిన వాసన.

"ఏంది సారు, ఎంత పోసిన్రు?" అన్నాడు మిస్త్రీ.

"కొంచెం."

"గాలిని గట్టిగ నొక్కితె వేడెక్కుతది, నూనె అంటుకుంటది. డీజిల్ ఇంజన్ల గిదే గద."

ముప్పై నాలుగేళ్లు డీజిల్ షెడ్డులో చేసిన మనిషి పావురాల వైపు చూస్తూ నిలబడ్డారు. ఈలోగా కింద అంతస్తులో ఉండే గుజరాతీ పెద్దావిడ కుర్చీ తోసుకుని పైకి వచ్చి, "శూ తళో ఛో?" అని అడిగింది. ఏం వేయిస్తున్నారు అని. పేలుడు కాదు, వాసన ఆవిణ్ణి లేపింది. ఇంకా ఏమీ వేయించలేదని మా ఆయన చెప్పారు. అయితే అయ్యాక పిలవమని వెళ్లిపోయింది.

మిగిలిన రెండు పరీక్ష గుండ్లతో పొగ తగ్గింది. తరువాత లెక్క మొదలైంది.

మొదటి అయిదింట్లో ఒకటి తగిలింది. తుపాకీ ఎడమకు లాగుతోందని తెలిసింది. కాయకు కుడివైపు రెండు వేళ్ల దూరంలో గురి పెట్టాను. రెండో అయిదింట్లో రెండు. మూడో అయిదింట్లో నాలుగు. అప్పటికి ఏడు. మా ఆయన కర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నారు, హాస్యాలు మానేశారు. పదహారోది తగిలింది, ఎనిమిది. పదిహేడోది మూటలోకి పోయింది. పద్దెనిమిదో గుండుకు కాయ కిందపడింది. పంతొమ్మిదోది తగిలింది. ఇరవయ్యోది కాయ పక్క నుంచి పోయింది.

మా ఆయన లేచి, పది అన్నారు. నేను వెళ్లి పద్దెనిమిదో కాయ తీసి భూతద్దంతో చూశాను. ఎక్కడా గీత లేదు. గుండు దారానికి తగిలింది. దారం తెగి కాయ పడింది. తొమ్మిది అన్నాను.

"పడిందా లేదా? పడింది. పదే," అన్నారాయన.

"కాయ పగలాలని రాసుకున్నాం. దెబ్బ గుర్తు ఉండాలని రాసుకున్నాం."

"దారం కొట్టడం ఇంకా కష్టమే. అడుగు, నేతపని మనిషిని అడుగు."

మిస్త్రీ తల గోక్కున్నాడు. "మా దగ్గరైతె దారం తెగితె మగ్గం ఆపాలె సారు, తెగుడే పెద్ద లెక్క. కని అక్క కాయిదం రాసింది. కాయిదంల దారం మాట లేదు."

"లేకపోతే ఇప్పుడు రాద్దాం," అని మా ఆయన నా పెన్ను తీసుకోబోయారు. నేను ఇవ్వలేదు.

"నాకు అభ్యంతరం లేదంటున్నాగా. పది అనుకో."

"మీకు లేకపోతే సరిపోదండీ. తొమ్మిది."

ఆయన పెన్ను కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అయితే నువ్విక చెప్పవా?"

"చెప్పను."

"ఎవరికీ?"

"అదే కదా సంతకం పెట్టింది."

ఆయన ముఖం చూస్తే పందెం ఓడింది ఎవరో తెలియలేదు. దిగేటప్పుడు కర్ర మరచిపోయి సగం మెట్లు దిగారు. మధ్యాహ్నం పకోడీలు వేసి, కింది పెద్దావిడకు ఒక పళ్లెం పంపాను.

మాట మీద నిలబడ్డాను. రాయవచ్చా అని మాత్రం అడిగాను. షరతుల్లో లేదు, రాసుకో అన్నారు. ఏప్రిల్‌లో, సూరత్ చివర ఉన్ అనే పేటలో, మిస్త్రీ కొడుకు గృహప్రవేశానికి వెళ్లాం. ఒకే వరసలో భోజనానికి కూర్చున్నాం. ఎవరో నా కళ్ల ఆపరేషన్ సంగతి అడిగారు. నేను చూపు బాగానే ఉందన్నాను. అప్పుడు మా ఆయన విస్తరి మీద నుంచి చెయ్యి తీసి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టారు. మా ఆవిడ చిన్నప్పుడు అని.

వారం తప్పు చెప్పారు. ఆదివారం బదులు శుక్రవారం అన్నారు. నాన్న అడుగులు ముప్పై అయ్యాయి. కుంకుడుకాయలు నిమ్మకాయలయ్యాయి. ఎదుటి వరసలో వడ్డిస్తున్న మిస్త్రీ నా వైపు చూశాడు. నేను పప్పు కలుపుకుంటున్నాను. నోరు తెరవడానికి లేదు, సంతకం ఉంది.

"ఇరవైకి పంతొమ్మిది," అన్నారాయన.

ఎవరూ నవ్వలేదు. నిజమా అని కూడా ఎవరూ అడగలేదు. నా పదిహేడును అరవై ఏళ్లలో ఒక్కరూ నమ్మలేదు, ఆయన పంతొమ్మిదిని ఆ వరసలో ఉన్న పద్నాలుగు మందీ ఒక్కసారిగా నమ్మేశారు. మా ఆయన నా వైపు తిరిగి, కనుబొమలెగరేసి, ఎలా ఉందన్నట్టు చూశారు. నేను పెరుగు వేయించుకున్నాను.