రికార్డుకు బొట్లు

ఇంగ్లండులో టెక్నో సంగీతం అప్పుడే మొదలైన రోజుల్లో ఇద్దరు కుర్రాళ్ళు ఒక ఆల్బమ్ చేశారు. అదే వాళ్ళ మొదటిది. ఎవరూ పట్టించుకోలేదు. దాని రికార్డు ఒకటి చూలై పేటలో పాత సామాన్ల అంగట్లో నా చేతికి చిక్కింది. మాటల్లేవు, రాగాల్లేవు, అంతా మోతే. నాకు ప్రాణం. ఒక్క మనిషైనా నాతో కూర్చుని రెండు వైపులా వింటే చాలని ఏళ్ళ తరబడి తపించాను. స్నేహితులకు సరిగ్గా అప్పుడే అర్జెంటు పనులు గుర్తొచ్చేవి. నా భార్య మిక్సీ వేసి, తేడా ఏమైనా తెలిసిందా అని అడిగేది.

మా నాయన లేత్ వర్క్‌షాప్ నిరుడు మూతపడింది. అప్పటినుంచి ఆయన తిరిగే ఫ్యాను కేసి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు నేను రికార్డు వేస్తే చెవి రిక్కించాడు.

"బేరింగ్ పోయిండాది రా. ఆపి గ్రీజు పెట్టు."

"అది సంగీతం నాయనా."

"అయితే మాత్రం? చెడిపోయినదాన్ని అట్టా తిప్పొచ్చా?"

చూడలేక లేచి వెళ్ళిపోయాడు.

ఆయుధపూజ నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి ప్లేయరుకు పూలదండ ఉంది. కవరులోంచి తీసిన రికార్డుకు రెండు వైపులా మూడేసి చందనం బొట్లు, వాటి మీద కుంకుమ. ఏటా లేత్ మిషన్లకు బొట్లు పెట్టిన చెయ్యి, ఈ ఏడు మిషన్ దొరక్క దాని మీద పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంక ఇది యాడ దొరుకుతాది నాయనా? ఎవురూ కొనలేదని వాళ్ళు రెండోది చెయ్యనే లేదు."

"మొదటిది అమ్ముడుపోలేదని మానుకున్నారా?"

"ఊఁ."

ఆయన చందనం గిన్నె పక్కన పెట్టాడు. "నేను మొదట చేసిన బోల్టు కూడా ఎవురూ కొనలా. మా నాయనే వచ్చి, ఎవురికో కావాలని అబద్ధం చెప్పి తీసకపోయినాడు. పాపం, వాళ్ళకి అట్టాంటోడు లేకపోయె."

నేను తుడవబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఈ రోజు పనిముట్టు తాకకూడదు. రేపు తిప్పుదాం."

మర్నాడు మంచి గడియ చూసి, టెంకాయ కొట్టి, ఆయనే సూది దించాడు. బొట్టు తగిలినప్పుడల్లా సూది ఎగిరిపడింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం కదల్లేదు. రికార్డు తిప్పి వెయ్యమని సైగ చేసి, మళ్ళీ అట్లాగే కూర్చున్నాడు. రెండో వైపు అయిపోయాక లేచి పంచె సర్దుకున్నాడు.

"పని తెలిసిన పిల్లోళ్ళే రా. ఇంకోటి చేసుండాల్సింది."